‘చివరకు మిగిలేది’ ముగించాక ఏం చదవాలి?

వెన్నెలపుట

నిన్న రాత్రి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పూర్తి చేశాను. మూడు వారాలు పట్టింది. పొద్దున్నుంచి వేరే పుస్తకం ఏది పట్టుకున్నా రెండో పేజీ దాటడం లేదు. అందులోని కథానాయకుడు దయానిధి ఇంకా తలలోనే తిరుగుతున్నాడు.

తల్లి మీద లోకం వేసిన మచ్చని కొడుకు మోయడం, ఆ బరువుతోనే ప్రతి మనిషినీ చూడటం నన్ను బాగా పట్టేసింది. అతను ప్రేమ కోసం వెతుకుతున్నాడో, ఎవరైనా తనని క్షమిస్తారేమోనని వెతుకుతున్నాడో చివరిదాకా నాకు తేలలేదు. కోమలి, అమృతం, ఇందిర, సుశీల, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్తాడు, వెనక్కి వస్తాడు. ఇందిర పోయే భాగం చదివి పుస్తకం మూసి రెండు రోజులు తెరవలేదు.

దీని తర్వాత ఏం చదవాలి? ఇదే లోతు ఉండాలి. కానీ ఇదే చీకటి మళ్ళీ ఉంటే తట్టుకోగలనో లేదో తెలియదు. మీరందరూ ఈమధ్య చదివినవి కూడా చెప్పండి, ఏదో ఒకటి పట్టుకుంటాను.

పాతకాగితం

మంచి పుస్తకం ముగించారమ్మా. అది 1946-47లో ‘నవోదయ’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. దయానిధి ఆలోచనలు అంతంత పొడవు సాగుతుంటే, వాటి మీదే నమ్మకం పెట్టి వారం వారం నడిపారంటే ఆ రచయిత ధైర్యం, ఆ పాఠకుల ఓపిక రెండూ గొప్పవే.

నేను మొదట చదివింది ఇరవై రెండేళ్ళప్పుడు. అప్పుడు కోమలి తప్ప ఎవరూ కనిపించలేదు. యాభై దాటాక మళ్ళీ చదివితే దయానిధి తల్లి కనిపించింది. ఆవిడ కథలో ఉండేది కాసేపే. కానీ పుస్తకమంతా ఆవిడ నీడే. ఆవిడ నిజంగా ఏం చేసిందన్నది కాదు, ఊరు ఏమనుకుందన్నదే కొడుకు జాతకమైంది.

తర్వాత చదవాల్సింది నా లెక్కన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. ఇంచుమించు అదే కాలంలో వచ్చింది. సీతారామారావుది కూడా లోకంతో కుదరని బతుకే. అయితే దయానిధి తనలోకి తాను తవ్వుకుంటూ పోతే, సీతారామారావు వంశగౌరవం నిలబెట్టాలని ఆస్తంతా కరగదీసుకుని, ఆ పైన లోకం మీద కక్ష కడతాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకరి వల్ల ఇంకొకరు బాగా అర్థమవుతారు.

రైలుకిటికీ

పాతకాగితం గారూ, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఇప్పుడే ‘అసమర్థుని జీవయాత్ర’ చెప్పకండి. చీకటి వద్దేమో అంటున్న మనిషికి అది ఇస్తే ఎలా? ఆఖర్న శ్మశానం ఘట్టం చదివి నేను వారం రోజులు మామూలు మనిషిని కాలేదు.

ఇంకో మాట కూడా అనేస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నాకు దయానిధి మీద చాలా కోపం. బాధ నిజమే, కాదనను. కానీ తన బాధని చూసుకునే తీరికలో ఎదుటివాళ్ళ బాధ అతనికి కనబడదు. ఇందిర అతని వల్ల ఎంత నలిగిందో అతనికి ఎన్ని పేజీల తర్వాత అర్థమైంది? అమృతం సంగతి సరేసరి. ఆ ఆడవాళ్ళు అతని ఆలోచనల్లో ఎంత అందంగా ఉన్నా, వాళ్ళు ఏమనుకున్నారో మనకి అందేది అతని నోటి మీదుగానే.

పాతకాగితం

రైలుకిటికీ గారూ, అది రచయితకి తెలియక జరిగింది కాదని నా నమ్మకం. దయానిధి చూపు ఎంతవరకు పోతుందో పుస్తకం అంతవరకే చూపిస్తుంది. అతను చూడలేకపోయింది మనం చూడాలి. మీకు ఇందిర మీద అంత జాలి కలిగిందంటే, దాన్ని పుట్టించింది కూడా ఆ పేజీలే కదా.

శ్మశానం ఘట్టం విషయంలో మాత్రం మీరన్నది సబబే. అది మనసు కుదుటపడ్డాకే చదవాలి. నా తొందర.

మూడోఅర

ఈ వరసలోనే రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఉంది. సుబ్బయ్య అనే గుమాస్తా. అతనికి ఆఫీసరంటే భయం, ఇంట్లో భయం, వీధిలో ఎవడైనా గట్టిగా మాట్లాడితే భయం. కంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకున్నాక ఆ భయం ఎన్ని రూపాలు ఎత్తుతుందో చూడాలి. దయానిధికి తన బాధ గురించి చెప్పుకోవడానికి చదువుంది, భాష ఉంది. సుబ్బయ్యకి అదీ లేదు. అతని తలలోని గజిబిజిని రావిశాస్త్రి ఆ గజిబిజితోనే రాశారు. చిన్న పుస్తకమే, నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

నవీన్ ‘అంపశయ్య’ కూడా మనసులో మాటల నవలే. 1969లో వచ్చింది. ఉస్మానియాలో చదువుకునే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. ఊళ్ళో ఇంటి పరిస్థితి ఒకవైపు, హాస్టలు గది ఒకవైపు, మధ్యలో వాడు. పేరు తెచ్చిన పుస్తకం రచయిత పేరు ముందే చేరిపోయి, ఆయన అంపశయ్య నవీన్ అయిపోయారు.

అనువాదప్రియ

అందరూ మగవాళ్ళ తలల్లోంచే దారి చూపిస్తున్నారు. వెన్నెలపుట గారూ, మీరు డా. పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదివారా? చదవకపోతే మిగతావన్నీ పక్కన పెట్టండి.

రైలుకిటికీ గారు అడిగారే, ఆ ఆడవాళ్ళు ఏమనుకున్నారని. దానికి జవాబు ఎక్కడైనా ఉందంటే అది ఇందులో ఉంది. ఇక్కడా ఒక ఇందిర ఉంది. ఒక వైద్య విద్యార్థి కూడా ఉన్నాడు, ప్రకాశం. ఒక గట్టి మాట అనాల్సి వచ్చిన ప్రతిసారీ తప్పుకునే మనిషి. ఇక ఈ ఇందిర, ఎవరో వచ్చి తనని అర్థం చేసుకుంటారని కూర్చునే రకం కాదు. తాగుబోతు తండ్రిని పోషిస్తూ, ఉద్యోగం చేస్తూ, తనకి కావలసింది తనే చేయి చాచి తీసుకుంటుంది. మంచిదా చెడ్డదా అని మనం తేల్చేలోపు పది పేజీలు ముందుకు వెళ్ళిపోతుంది.

ఇది 1957-58లో గోరాశాస్త్రి సంపాదకత్వంలోని ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. శ్రీదేవి వృత్తిరీత్యా డాక్టరు. 1929లో పుట్టి 1961లోనే పోయారు. ఆవిడ ఇంకో ఇరవై ఏళ్ళు బతికి రాసి ఉంటే తెలుగు నవల ఎటు నడిచేదో అని ఆ పుస్తకం తీసిన ప్రతిసారీ అనిపిస్తుంది నాకు.

వెన్నెలపుట

అనువాదప్రియ గారూ, మీరు చెప్పిన తీరుకే సగం చదివినంత అయింది. మొదలుపెడుతున్నాను. ‘అల్పజీవి’ దాని వెనక వరసలో పెట్టుకుంటాను. ముగించాక వచ్చి చెప్తాను.

కొత్తచదువరి

అందరికీ నమస్కారం. మీ మాటలన్నీ చదువుతున్నాను కానీ ఒకటి అడగాలని ఉంది. నేను చదువంతా ఇంగ్లిష్ మీడియంలో చదివాను. తెలుగు చదవగలను గానీ నెమ్మదిగా. అందరూ గొప్పదంటారని ‘వేయిపడగలు’తో మొదలుపెట్టాను. అరవై పేజీల దగ్గర ఆగిపోయాను. వాక్యాలు అందడం లేదు. ఇక తెలుగు నవలలు నాకు రావేమో అని దిగులుగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతకాగితం

నాయనా, దిగులెందుకు? ‘వేయిపడగలు’ దగ్గర ఆగినవాళ్ళలో పెద్ద పెద్ద చదువరులు ఉన్నారు. సుమారు వెయ్యి పేజీల పుస్తకం. విశ్వనాథ దాన్ని చేత్తో రాయలేదు, 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు. అందుకే ఆ వచనం ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆపకుండా చెప్పుకుపోతున్నట్టు ఉంటుంది. కంటితో చదివితే బరువు. నోటితో పైకి చదివి చూడు, వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిపి దానికి బహుమతి వచ్చింది. పి.వి. నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ అని హిందీలోకి అనువదించారు.

అయినా అది మొదటి పుస్తకం కాదు. ఇప్పుడు పక్కన పెట్టు. ఆ నవల్లోని ఊరు సుబ్బన్నపేట ఎక్కడికీ పోదు, రెండేళ్ళ తర్వాత వెళ్ళినా అక్కడే ఉంటుంది.

మూడోఅర

ఆ రెండేళ్ళ తర్వాత కూడా ఒంటరిగా వెళ్ళొద్దంటాను నేను. ‘వేయిపడగలు’లో ఉన్న ఊరు ఒక ధర్మం కూలిపోతోందని దుఃఖించే ఊరు. ఆ దుఃఖం నిజమైనదే. అయితే ఆ ధర్మం కింద నలిగినవాళ్ళు ఆ దుఃఖాన్ని ఎలా చూస్తారు? అందుకని ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ పక్కన పెట్టుకుని చదవాలి. అది అంతకు పన్నెండేళ్ళ ముందు, 1922లో వచ్చింది. రాయవెల్లూరు జైల్లో ఉండగా రాశారు, ప్రభుత్వం నిషేధించింది. రామదాసు కుటుంబాన్ని చూడండి. సంగదాసు చావు, వెంకటదాసు తిరుగుబాటు, అంత జరిగినా రామదాసు నిబ్బరం. ఆ వాడుక భాష ఇప్పటికీ వాడిపోలేదు. నాకు రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే మాలపల్లే ఉంచుకుంటాను.

పాతకాగితం

ఒకటే ఉంచుకోవాల్సిన అవసరం ఎందుకొస్తుంది మూడోఅర గారూ? విశ్వనాథ చెప్పేదాంట్లో నేను ఒప్పుకోనిది చాలా ఉంది. అయినా గిరిక దేవుడి ముందు నాట్యం చేసే చోట, పసరిక పొలాల్లో తిరిగే చోట ఆ కలం ముందు తల వంచుతాను. ఒప్పుకోని పుస్తకాన్ని ప్రేమించడం నాకు అక్కడే తెలిసింది.

మూడోఅర

గిరిక గురించి మీరన్నదానికి ఎదురు చెప్పను. ఆ భాగం నేనూ మరచిపోలేదు. కానీ కొత్తగా చదివే కుర్రాడికి రెండు పేర్లూ ఒకేసారి చెప్పాలి, అంతే నా పట్టుదల.

రైలుకిటికీ

కొత్తచదువరి తమ్ముడూ, నీకు నా సలహా కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిన్న నవల. ఒక ముసలాయన, చూలుతో ఉన్న ఒక పంది, ఒక అడవి, ఒక రాత్రి. అంతే. పంది మంద చేరలేదని చీకటి పడే వేళ బల్లెం పట్టుకుని వెతకడానికి బయల్దేరతాడు. ముసలాయనకి పేరు కూడా లేదు. ఆయన ఏమాలోచిస్తున్నాడో, చేతులు ఏం చేస్తున్నాయో, ఆకు ఎక్కడ కదిలిందో, అంతా నీ కళ్ళ ముందే. తెలియని మాట వచ్చినా ఆగవు, ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలి కాబట్టి.

కేశవరెడ్డి కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. 2015లో పోయారు. లోకం దూరం పెట్టిన మనుషుల పక్కన ఏళ్ళ తరబడి ఉన్న మనిషి రాతలో ఆ దగ్గరితనం ఎలా వస్తుందో ‘మునెమ్మ’, ‘మూగవాని పిల్లనగ్రోవి’ చదివినా తెలుస్తుంది.

అనువాదప్రియ

అడవి మాట వచ్చింది కనుక ఒకటి చెప్పకుండా ఉండలేను. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’ని సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా తెలుగు చేశారు. ఈమధ్య మూడోసారి చదివాను.

సత్యచరణ్ పట్నంలో ఉద్యోగం లేక, బీహారులో ఒక ఎస్టేటు మేనేజరుగా అడవికి వెళ్తాడు. మొదట్లో అక్కడ ఊపిరాడదు. కొన్నాళ్ళకి అడవి అతన్ని ఎటూ కదలనివ్వదు. అసలు బాధ ఏమిటంటే, అతని ఉద్యోగమే ఆ అడవిని కొట్టించి భూమి కౌలుకివ్వడం. దేన్ని ప్రాణంగా ప్రేమించాడో దాన్ని తన చేత్తోనే ముక్కలు చేసి పంచుతాడు. పుస్తకం మొదటి నుంచీ ఆ అపరాధం గొంతులో వినిపిస్తూనే ఉంటుంది. అందులో యుగళప్రసాద్ అని ఒకతను ఉన్నాడు. ఎక్కడెక్కడివో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి, ఎవరూ చూడని అడవిలో నాటుతుంటాడు. తనకి లాభం లేదు, పేరు రాదు. ఆ అడవి ఎలాగూ పోబోతోందని మనకి తెలుసు. అయినా అతను నాటుతూనే ఉంటాడు. ఆ పేజీల దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను.

అనువాదమని ఎక్కడా అనిపించదు. చెట్ల పేర్లు, వెన్నెల, నిశ్శబ్దం, అన్నీ తెలుగులో పుట్టినట్టే ఉంటాయి.

కొత్తచదువరి

అందరికీ చాలా థాంక్స్. ‘అతడు అడవిని జయించాడు’తో మొదలుపెడతాను. పాతకాగితం గారు చెప్పినట్టు పైకి చదువుతాను.

వెన్నెలపుట

పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. ‘కాలాతీత వ్యక్తులు’ అయిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మొదటి సగం ఇందిర మీద నాకు చిరాకే. కల్యాణి అనే అమ్మాయిని ఆవిడ చూసే తీరు, ప్రకాశాన్ని తన వైపు తిప్పుకునే తీరు చూసి ఇంత స్వార్థమా అనుకున్నాను. తర్వాత ఒకచోట ఆగి ఆలోచించాను. ఇంటి బాధ్యత పట్టని తండ్రి, ఆవిడ జీతం మీద నడిచే ఇల్లు, చుట్టూ ఎవరూ లేరు. ఆవిడ తన గురించి తను ఆలోచించుకోకపోతే ఇంకెవరు ఆలోచిస్తారు? దయానిధి తన గురించి అన్ని వందల పేజీలు ఆలోచించుకుంటే దాన్ని నేను అన్వేషణ అన్నాను. ఇందిర అదే పని చేస్తే స్వార్థం అన్నాను. ఈ తేడా నాలోనే ఉందని తెలిసి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను.

ప్రకాశం పిరికితనం తెలిశాక ఇందిర కూలిపోతుందనుకున్నాను. కూలిపోలేదు. ఏడ్చి, తుడుచుకుని, తర్వాత ఏమిటని చూసుకుంది. కృష్ణమూర్తితో ఆవిడ పెట్టుకున్న బతుకులో ప్రేమ ఎంత ఉందో నాకు తెలియదు. కానీ ఎదుటి మనిషి ఎలాంటివాడో పూర్తిగా తెలిసి, కళ్ళు తెరుచుకుని అడుగు వేసింది. 1950లలో ఒక తెలుగు రచయిత్రి ఈ మనిషిని శిక్షించకుండా వదిలిపెట్టిందంటే, నాకు ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది.

రైలుకిటికీ గారూ, మీ కోపం ఇప్పుడు అర్థమైంది. వెనక్కి వెళ్ళి అమృతం వచ్చే పేజీలు మళ్ళీ చదివాను. మొదటిసారి దయానిధి ఏమంటాడా అని చదివాను. ఈసారి అమృతం ఎక్కడెక్కడ మాట మధ్యలో ఆపేసిందో చూశాను. చాలాచోట్ల ఆపేసింది.

రైలుకిటికీ

వెన్నెలపుట గారూ, మీరు రాసింది చదివి నేనూ ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమృతం మాట మధ్యలో ఆపేసిందని మీకు కనబడిందంటే, పాతకాగితం గారన్నట్టు బుచ్చిబాబు ఆ ఖాళీలు కావాలనే వదిలారు. నేను కోపంలో అవి చూడలేదు. మళ్ళీ చదువుతాను.

మూడోఅర

ఒక్క మాట కల్యాణి తరఫున. అందరం ఇందిర దగ్గరే ఆగిపోతాం. కల్యాణి మెత్తగా ఉంటుంది కాబట్టి పాత కాలం మనిషి అనుకుంటాం. తండ్రి పోయాక, డబ్బు లేక, నిలువ నీడ లేక, ఎవరి దయ కిందా పూర్తిగా ఒదగకుండా ఆ అమ్మాయి చదువుకుంటుంది. గట్టిగా మాట్లాడకుండా కూడా నిలబడవచ్చు. శ్రీదేవి రెండు రకాల నిలబడటాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది గొప్పదో చెప్పకుండా వదిలారు. ఈ నవల ఆధారంగా ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా 1963లో వచ్చింది. నేను ముందు సినిమా చూసి తర్వాత నవల చదివాను, ఇందిర నాకు పూర్తిగా కొత్త మనిషిలా కనిపించింది.

పాతకాగితం

కల్యాణి గురించి బాగా అన్నారు.

కొత్తచదువరి

పూర్తి చేశాను! నేను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చదివిన మొదటి తెలుగు నవల. నాలుగు రోజులు, రోజూ రాత్రి గది తలుపు వేసుకుని పైకి చదివాను. కొన్ని మాటలు తెలియలేదు, అర్థం మాత్రం ఎక్కడా తెగలేదు. ముసలాయన చెట్టెక్కి కూర్చుని చీకట్లోకి చూస్తుంటే నేను కూడా గొంతు తగ్గించి చదివాను.

పంది ఈనిందని, పిల్లల్ని కాపాడుకోవడానికి తనని పెంచినవాడి మీదికే తిరగబడుతుందని తెలిసిన చోట ఎవరి పక్షాన ఉండాలో నాకు తెలియలేదు. ముసలాయన మంచివాడే. పందిదీ తప్పు కాదు. నక్కలకీ ఆకలే. ముగింపు గురించి ఇక్కడ రాయను, చదవనివాళ్ళు ఉన్నారు కదా. దాన్ని గెలుపు అనాలా అని రెండు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను.

తర్వాత ఏం చదవను?

రైలుకిటికీ

శభాష్ తమ్ముడూ. అడవిలోనే ఉండాలనుకుంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ తీసుకో. 2019 తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువు వచ్చి ఊళ్ళో గడ్డి, నీళ్ళు లేనప్పుడు గొర్రెల మందల్ని నల్లమలకి తోలుకుపోతారు. ఇంజనీరింగ్ చదివి ఇంటర్వ్యూల్లో నోరు పెగలని కుర్రాడు ఆ గొర్రెల వెంట వెళ్తాడు. నీ వయసువాడే. పెద్దపులి ఎదురైనప్పుడు గొర్రెలకాపరి ఏం చేస్తాడన్నది ఒక ఎత్తు, అడవిలో నీళ్ళు ఎక్కడుంటాయో ఎలా తెలుస్తుందన్నది ఇంకో ఎత్తు. అన్నీ చేసినవాళ్ళ నోటి నుంచి విన్నట్టు ఉంటాయి.

సీమ భాష చెవికి అలవాటయ్యాక బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ చదువుదువు గానీ. పద్ధెనిమిదో శతాబ్దపు అనంతపురం ప్రాంతం కథ. రాజుల కంటే వాళ్ళ కింద బతికిన మనుషులే ఎక్కువగా గుర్తుంటారు. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

మూడోఅర

ఒక్కో నేల మాట ఒక్కో నవలలో వినాలి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ కూడా నీ జాబితాలో రాసుకో. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొరల గడీ, వెట్టి. మనుషులు మాట్లాడే మాటని అలాగే కాగితం మీద పెట్టారు. పైకి చదివే అలవాటు నీకు దానిలో చాలా పనికొస్తుంది.

వెన్నెలపుట

తమ్ముడు రాసింది చదివి నా వరస మార్చుకున్నాను. ‘అల్పజీవి’ వచ్చే వారం. ఇన్నాళ్ళూ మనుషుల తలల్లోనే తిరిగాను, కొన్ని రోజులు చెట్ల మధ్య ఉండాలనిపించింది. ‘వనవాసి’ దొరికింది. సత్యచరణ్‌కి ఆ నిశ్శబ్దం ఇంకా అలవాటు కాలేదు, పట్నం మీద బెంగతో ఉన్నాడు. యుగళప్రసాద్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తూ చదువుతున్నాను. అనువాదప్రియ గారూ, అతను ఏ పేజీలో వస్తాడో మాత్రం చెప్పకండి.